మట్టం లేని మైదానం

ఎవరింటికి వెళ్ళినా మేస్త్రీ ముందు మనుషుల్ని చూడడు, నేలని చూస్తాడు. చెప్పులు విడిచి గడప దాటుతూనే అరికాలితో తడుముకుంటూ నడుస్తాడు. ఎక్కడైనా ఒక పలక అంచు కాస్త పైకి తగిలిందంటే ఇక ఆ ఇంటివాళ్ళు ఎంత మర్యాద చేసినా ఆయన మనసు దాని దగ్గరే ఉంటుంది. "ఎవరు వేశారండీ ఇది?" అని మెల్లగా అడుగుతాడు. ఆ గొంతు వింటే పరామర్శకి వచ్చాడేమో అనిపిస్తుంది.

టైల్స్ పనిలో ఆయనకి మంచి పేరు. రసమట్టం, ఎత్తుపల్లాలు చూసే నీళ్ళ ట్యూబు, రబ్బరు సుత్తి అన్నీ ఉన్నా చివరి మాట మాత్రం జేబులో ఉండే గాజు గోళీది. పని అయ్యాక ఇంటాయన ఎదురుగానే దాన్ని నేల మీద పెట్టి చెయ్యి తీసేస్తాడు. హాల్లో పెడితే కదలకూడదు. స్నానాల గదిలో ఎక్కడ పెట్టినా నిదానంగా వెళ్ళి తూము దగ్గర ఆగాలి. అలా ఆగిన రోజున ఇంటికొచ్చి తన భార్యకి ఆ గోళీ ప్రయాణం మొత్తం చెప్పేదాకా అన్నం తినడు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి నడిపే ఫుట్‌బాల్ క్లబ్బు గ్రౌండు మాత్రం పక్కకి ఒరిగి ఉంటుంది.

మూతబడిన మిల్లు వెనక ఉంది ఆ గ్రౌండు. ఒక వైపు మిల్లు గోడ, రెండో వైపు మురుగు కాలవ. గోడ పక్క ఎత్తు, కాలవ పక్క పల్లం. బంతిని మధ్యలో వదిలేస్తే తనంతట తను కాలవలోకి వెళ్ళిపోతుంది. బయటి జట్లు వచ్చి, "ఇదేం గ్రౌండండీ, పెంకుటింటి కప్పు మీద ఆడుతున్నట్టుంది" అని నవ్వేవి. కాసేపటికి నవ్వడం మానేసి ఓడిపోయేవి. మేస్త్రీకి ఆ వాలు కనపడేది కాదు. ఆయన పుట్టింది ఆ గోడ వెనక ఇంట్లోనే. మనింటి వాసన మనకి తెలియదు కదా, అలాగన్నమాట. సొంత గ్రౌండులో ఎవరొచ్చినా గెలవడం, బయటికెళితే ఓడిపోవడం ఆ క్లబ్బుకి మామూలే. బయట ఓడినప్పుడల్లా ఆయన రిఫరీని తిట్టేవాడు. రిఫరీ మరీ మంచివాడైతే గడ్డిని తిట్టేవాడు.

గోల్‌పోస్టు కూడా ఒక్కటే ఉంది, మిల్లు పాత గేటు వైపు. రెండోవైపు మ్యాచ్ రోజున మాత్రం ఇనప పైపులు పాతేవాళ్ళు. మిగతా రోజుల్లో ఆ పైపుల మీద మేస్త్రీ భార్య బట్టలు ఆరేసుకునేది. కాబట్టి సాయంత్రం ప్రాక్టీసంతా ఎప్పుడూ ఒకే దిక్కుకి, ఎడమ పక్కన గోడ, కుడి పక్కన కాలవ.

మొదట్లో అది మగపిల్లల క్లబ్బు. వాళ్ళు ఉద్యోగాలకీ, ఫోన్లకీ చెదిరిపోయారు. అన్నల్ని భోజనానికి పిలవడానికొచ్చిన చెల్లెళ్ళు మాత్రం బంతి దగ్గర ఉండిపోయారు. ఇప్పుడు జట్టంతా ఆడపిల్లలే. అందరికీ ఆయన బాబాయ్, ఆయన భార్య పిన్ని. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది, జెర్సీల మీద అంకెలు ఆవిడే వేస్తుంది. "ఏడో నంబరు పిల్లలు పదిమంది ఉన్నా కుడతాను. వంకర్లు తిరిగే ఎనిమిది అడిగినవాళ్ళు సొంతంగా కుట్టుకోండి" అంటుంది.

క్లబ్బులో చేరిన ప్రతి పిల్లా మొదటివారంలోనే వినే కథ ఒకటుంది. కుర్రతనంలో మేస్త్రీని నగరంలోని పెద్ద క్లబ్బు పిలిచింది. ఆయన వెళ్ళాడు. ఆ పచ్చిక, ఆ గ్యాలరీ, ఆ తెల్ల గీతలు అన్నీ చూశాడు. "నేను నడక నేర్చింది ఈ మట్టిలో. దీన్ని వదిలి రానని చెప్పి అదే రోజు తిరుగు బస్సెక్కేశాను" అని అక్కడ కాస్త ఆగుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. పక్కన కూర్చున్న ఆయన భార్య దారం పళ్ళతో తెంపుకుంటుంది కానీ తలెత్తదు.

క్లబ్బు వదిలి పెద్ద జట్లకి పోయినవాళ్ళని ఆయన "గోడ దూకినవాళ్ళు" అంటాడు. దారిలో ఎదురుపడితే పలకరించడు. అందులో ఒకడు మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొస్తే, డబ్బా తీసుకుని మనిషిని గుమ్మంలోంచే పంపించేశాడు. ఇప్పటివరకూ అలా దూకింది ఇద్దరే. ఇద్దరూ గోల్‌కీపర్లే. అలా ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

ఇప్పుడు కందిరీగ వంతు వచ్చింది.

జట్టులో గోల్స్ కొట్టే పిల్లకి ఆ పేరు పెట్టింది మేస్త్రీయే. ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, వచ్చి బంతిని కుట్టి పోతుంది. వాళ్ళమ్మ సిటీ బస్సులో కండక్టరు. సొంత గ్రౌండులో జరిగిన మ్యాచ్‌లో ఆ పిల్ల ఆట చూసి పెద్ద క్లబ్బు మనిషి ఒకాయన సెలక్షన్‌కి రమ్మన్నాడు. మర్నాడు డ్యూటీ దిగి, టిక్కెట్ల సంచీ ఇంకా భుజానే ఉండగా, వాళ్ళమ్మ మేస్త్రీ ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, పిల్లని పంపిస్తున్నా. మీ చెవిన వెయ్యకుండా పంపితే బాగోదని వచ్చా."

"చెప్పడానికొచ్చావా, అడగడానికొచ్చావా?"

"చెప్పడానికే."

"లీగు సగంలో ఉందమ్మా. ఈసారి పై డివిజన్‌కి వెళ్తాం అనిపిస్తోంది. క్లబ్బు పుట్టాక ఎప్పుడూ ఇంతదాకా రాలేదు. ఆ పిల్ల లేకపోతే ఎవరు కొడతారు గోల్స్, నేనా?"

"హాస్టలు వాళ్ళదే, కాలేజీ సీటు వాళ్ళదే, తిండి వాళ్ళదే. ఇవన్నీ నేనెక్కణ్ణుంచి తెస్తాను? అది ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. మీరొక్క విజిల్ ఊదండి చాలు."

"విజిలు నీ దగ్గరుంది కదా, నన్నడుగుతావేం?"

"నేను ఊదితే అది ఎక్కదు. బాబాయ్ ఏమన్నాడు, బాబాయ్ ఏమన్నాడు అని పొద్దుట్నుంచీ ఒకటే గోల."

మేస్త్రీ గోడకేసి చూశాడు. వాళ్ళ ఇంటి గోడలో చూడాల్సిందేమీ లేదు.

"సరే, వెళ్ళనీ" అన్నాడు చివరికి. తన తాపీని ఎవరికో అరువిస్తున్నట్టు వచ్చింది ఆ మాట.

వెళ్ళిన పిల్ల సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. మర్నాడు ప్రాక్టీసుకి అందరికంటే ముందే వచ్చి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ కూర్చుంది. గోల్‌కీపరు వచ్చింది. బాగా పొడుగు, అందుకని అంతా నిచ్చెన అంటారు.

"ఏంటే, అప్పుడే వచ్చేశావ్? గేటు దాకా వెళ్ళి ఫొటో దిగి వచ్చావా?"

"నాకే నచ్చలేదు."

"ఏం నచ్చలేదు?"

"ఏదీ నచ్చలేదు. మన క్లబ్బు వదిలి రానని చెప్పి వచ్చేశాను. బాబాయ్ రాలేదా ఏం? అలాగే."

 ఇక గోలగోల. నిచ్చెన ఆ పిల్లని అమాంతం ఎత్తేసింది. మేస్త్రీ పక్కకి తిరిగి, కంట్లో ఏదో పడ్డట్టు రుద్దుకుని, అందరికీ బన్నులూ టీ తెప్పించాడు. ఆ క్లబ్బులో గెలిచిన రోజున కూడా టీ ఒక్కటే ఇస్తారు.

"పిల్ల మొహం చూశారా?" అని ఇంటికొచ్చాక భార్య అడిగింది.

"ఆ, ఎంత సంతోషంగా ఉందో."

"అది మీ మొహం. నేనడిగింది పిల్లది."

ఆ వారం మేస్త్రీ కార్ల షోరూములో పని చేస్తున్నాడు. పెద్ద హాలు, నాలుగు స్తంభాలు, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క పలక కూడా తల ఎగరెయ్యకుండా పరిచాడు. ముందు వైపు అద్దాలు ఇంకా బిగించలేదు. మధ్యాహ్నం కందిరీగ క్యారేజీ పట్టుకుని వచ్చింది. పిన్ని పంపిందట. చంకలో బంతి ఎలాగూ ఉంటుంది. ఆయన తింటుంటే ఆ పిల్ల నేల మీద బంతిని అటూ ఇటూ దొర్లిస్తూ నిలబడింది.

"ఊరికే నెట్టడం ఎందుకు, ఆ స్తంభానికి కొట్టు" అన్నాడాయన ముద్ద నములుతూ.

కొట్టింది. బంతి స్తంభానికి ఎడమగా పోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?"

మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎడమకే, మళ్ళీ జానెడు దూరంలోనే. ఇంకోసారి కూడా అంతే. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "అక్కడా ఇంతే" అని గొణిగింది. తర్వాత నాలిక కరుచుకుని, "ఎప్పుడైనా ఇలా పోతుంది లెండి" అంది.

"బంతిలో గాలి సరిగ్గా లేదు. ఇలా ఇవ్వు."

చెయ్యి కడుక్కుని, లుంగీ ఎగ్గట్టి, మేస్త్రీ తనే తన్నాడు. యాభై దాటిన కాలు. బంతి తిన్నగా వెళ్ళి, స్తంభానికి జానెడు ఎడమగా పోయి, అవతలి గోడకి కొట్టుకుంది.

ఆయన కదల్లేదు. తన కాలికేసి చూసుకున్నాడు, స్తంభంకేసి చూశాడు, తను పరిచిన నేలకేసి చూశాడు. నేలలో తప్పులేదు. ఉంటే ఆ గోళీ ఊరుకునేది కాదు. కుడి పక్క కాలవ ఉందని కాలు అనుకుంటోంది. వాలుకి కిందకి జారుతుందని కాస్త గోడ వైపు తన్నడం కాలికి అలవాటైపోయింది. ఇక్కడ గోడా లేదు, కాలవా లేదు. బయటి గ్రౌండుల్లో ఓడిన మ్యాచ్‌లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గోడ దూకిన ఇద్దరూ చేత్తో ఆడే గోల్‌కీపర్లే ఎందుకయ్యారో తెలిసింది. తిట్టిన రిఫరీలందరూ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. వాళ్ళ వెనక, కుర్రతనంలో తను చూసిన ఆ పచ్చిక కనిపించింది. ఆ రోజు తన పాసులన్నీ ఎక్కడికి పోయాయో ఇప్పుడు అర్థమైంది.

"బాబాయ్, ఏమైంది?"

"ఏం లేదు. క్యారేజీ పట్టుకెళ్ళు."

ఆ సాయంత్రం ఆయన ప్రాక్టీసులో ఎవరి మీదా అరవలేదు. పిల్లలు జ్వరమేమో అనుకున్నారు. ఇంటికొచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చుని భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ మిషను ఆపకుండానే వింది.

"పిల్లకి చెప్పారా?"

"చెప్తే మళ్ళీ సెలక్షన్‌కి వెళ్తానంటుంది. వచ్చే నెల ఇంకోటి ఉందట."

"వెళ్తుంది."

"ఈసారి తీసుకుంటారు."

"తీసుకుంటారు."

"మరి మనకి లీగు?"

ఆవిడ మిషను ఆపింది. "ఆ రోజు మీకెవరైనా చెప్పి ఉంటే?"

"వెళ్ళిపోయేవాణ్ణి" అన్నాడు వెంటనే. అంత వెంటనే అన్నందుకు తనకే ఇబ్బందైనట్టుంది, "వెళ్తే నువ్వెక్కడ దొరికేదానివి నాకు?" అని కలిపాడు.

"నా మీదకి తొయ్యకండి. నాకు సంబంధాలకేం తక్కువ లేదు."

మర్నాడు క్యారేజీ కందిరీగ చేతే పంపమన్నాడు. ఆ పిల్ల వచ్చేసరికి స్తంభాల మధ్య సుద్దతో ఒక గీత గీసి ఉంది. రసమట్టం దాని మీద పెట్టి పిలిచాడు.

"ఇటు చూడు. బుడగ ఎక్కడుంది?"

"మధ్యలో."

"మన గ్రౌండులో పెడితే ఇది ఒక చివరికి పోతుంది. నీకు ఆట రాక కాదు ఆ బంతులు పక్కకి పోయింది. మన నేల వాలు. అది నీ కాల్లో కూర్చుంది. తప్పు నీది కాదు, నాది. ఇన్నేళ్ళుగా ఊరందరి నేలలూ సరిచేస్తూ దాన్ని చూడలేదు."

కందిరీగ తల వంచుకుంది. "నాకే నచ్చలేదని చెప్పా కదా బాబాయ్. మీరు వద్దనుకుని వచ్చేశారు, నేనూ అంతే."

"నేను వద్దనుకోలేదే."

ఆ పిల్ల తలెత్తింది.

"భోజనాల వేళకే పంపించేశారు నన్ను. పేరు కూడా సరిగ్గా అడగలేదు" అన్నాడు మేస్త్రీ. "బస్సులో వస్తూ వస్తూ ఆ కథ తయారుచేసుకున్నా. బస్టాండులో దిగేసరికి నాకే నిజమనిపించింది."

కందిరీగ ఆయనకేసి చూస్తూనే ఉంది. మూతి బిగించింది, బుగ్గలు ఉబ్బించింది, ఇక ఆగలేక పక్కున నవ్వేసింది. ఆ ఖాళీ హాల్లో నవ్వు నాలుగు మూలలా తిరిగింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నన్నూ అంతే బాబాయ్. నీళ్ళ బాటిల్ కూడా తీసుకోనివ్వలేదు, నెక్స్ట్ అనేశారు."

"సరే, చాల్లే. ఆ గీత మీద బంతి నడిపించు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అక్కడే ప్రాక్టీసు. షోరూము సూపర్‌వైజరుకి విషయం తెలిసి పరుగెత్తుకొచ్చాడు.

"మేస్త్రీ గారూ! ఇది కార్ల షోరూమండీ! పలక పగిలితే?"

"నేను వేసిన పలక బంతికి పగిలితే నా చేత తాపీ పట్టించకండి. మీరు అటువైపు నిలబడి బంతి అందివ్వండి, కాళ్ళూ చేతులూ కదులుతాయి."

రెండు రోజులకి సూపర్‌వైజరు కూడా బూట్లు మార్చుకుని వచ్చాడు. అలవాటు అంత తేలిగ్గా వదల్లేదు. మొదట ఎడమకి పోయిన బంతులు, తర్వాత భయంతో కుడికి పోయాయి. కందిరీగ విసుక్కుంది, ఏడ్చింది, ఒకరోజు బంతిని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు అడక్కుండానే వచ్చింది. అద్దాలు వచ్చే రోజుకి పదింట్లో ఏడో ఎనిమిదో గీత మీదే పోతున్నాయి.

ఈసారి సెలక్షన్‌కి మేస్త్రీ కూడా వెళ్ళాడు. కండక్టరమ్మ సెలవు పెట్టి కూతురి పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ దారి పొడుగునా ఆ బస్సు కండక్టరుకి సలహాలు ఇస్తూనే ఉంది. పెద్ద క్లబ్బు గ్రౌండు మారలేదు. అదే పచ్చిక, అదే తెల్ల గీతలు. మేస్త్రీ కంచె బయట నిలబడి ముందు నేలనే చూశాడు. దోషం వెతికాడు. దొరకలేదు.

టోపీ పెట్టుకున్న కోచ్ మేడం కందిరీగని గుర్తుపట్టింది. "నువ్వు పోయినసారి వచ్చావు కదూ? ఈ నెలలో ఏం మారింది?"

"నేలండి" అంది కందిరీగ.

ఆవిడకి అర్థం కాలేదు. విజిల్ ఊదింది.

మొదటి పాసు కుడికి పోయింది. కండక్టరమ్మ మేస్త్రీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండోది తిన్నగా వెళ్ళి అవతలి పిల్ల కాలి దగ్గర ఆగింది. మూడోది ఇంకా బాగా వెళ్ళింది. ఆ తర్వాత మేస్త్రీ పాసులు చూడటం మానేసి మేడం మొహం చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఒకసారి టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది. మధ్యాహ్నం దాటింది. ఎవరూ ఆ పిల్లని నెక్స్ట్ అనలేదు. సాయంత్రం కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "హాస్టల్‌కి ఎప్పుడు వస్తావని అడుగుతున్నారు!" అని అరిచింది. కండక్టరమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మేస్త్రీ, "లేవమ్మా, చీరకి మట్టవుతుంది" అన్నాడు. అక్కడ మట్టెక్కడుంది, అంతా గడ్డే.

క్లబ్బులో విషయం చెప్పేటప్పటికి నిచ్చెన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మీరే దగ్గరుండి గోడ దూకించారన్నమాట."

"అవును."

"మరి మేమెవరైనా వెళ్తామంటే?"

"ముందు నువ్వు గోలు ఆపడం నేర్చుకో, వెళ్ళడం సంగతి తర్వాత" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే నీళ్ళ ట్యూబు పట్టుకుని గ్రౌండంతా తిరిగాడు. కాలవ పక్కకి ఎన్ని బళ్ళ మట్టి పడుతుందో లెక్కేసి చూసుకుని, లీగు అయ్యాక చూద్దాంలే అనుకున్నాడు.

కందిరీగ వెళ్ళిన తర్వాతి ఆదివారం సొంత గ్రౌండులోనే మ్యాచ్. సాయంత్రం ఫోను మోగింది. మేస్త్రీ పెరట్లో జెర్సీలు ఉతుకుతున్నాడు. తడి చేత్తోనే ఎత్తాడు.

"బాబాయ్, ఎంత?"

"ఒకటీ ఒకటీ. డ్రా."

"మూడు సున్నా!" అని లోపలినుంచి భార్య కేకేసింది. "ఓడారు! అబద్ధాలు చెప్పకండి పిల్లకి!"

 అటువైపునుంచి చిన్న గొంతు వచ్చింది. "ఇంకా చేరినట్టు సంతకాలు కాలేదు బాబాయ్. రేపు పెట్టమన్నారు. నేను వచ్చేస్తే..."

"వస్తే బస్టాండు నుంచే తిప్పి పంపిస్తా. మీ అమ్మకి చెప్పి టిక్కెట్ కూడా కొట్టిస్తా. బాగా తింటున్నావా?"

"ఊఁ."

"పొద్దున్న ప్రాక్టీసు ఉందా?"

"ఉంది."

"అయితే ఫోను పెట్టేసి పడుకో. సంతకం పెట్టి, అప్పుడు చెయ్ ఫోను."

ఫోను నడుం దగ్గర దోపుకుని ఆయన మళ్ళీ జెర్సీ మీద సబ్బు రుద్దాడు. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరడిగారు నిన్ను స్కోరు?" అన్నాడు ఆవిడకేసి చూడకుండా.

"ఏం, మూడు సున్నా కాదా?"

"కాదు. రెండోది ఆఫ్‌సైడు" అన్నాడు మేస్త్రీ.